హెల్మెట్‌లో హోరు

7 నవంబరు 2002, గురువారం

తెల్లారకముందే కోడిపిల్లలు వచ్చాయి. రెండు వేలు. ఒక్క రోజు వయసువి. అట్టపెట్టెల మూతలు తీయగానే షెడ్డంతా కిచకిచలు. నాయిన ఒక్కో పెట్టెను ఊక మీదికి మెల్లగా వంచుతుంటే నేను, అమ్మ వాటిని వెచ్చగా ఉంచే బొగ్గుల బుఖారీల చుట్టూ రేకులు నిలబెట్టాం.

కాలేజీలో పద్మలత మేడమ్ ఒక పని ఇచ్చారు. చప్పుళ్లకు తెలుగులో ఉన్న మాటలు వంద సేకరించాలి. నిఘంటువు తెరవకూడదు. మన చెవిన పడిన చప్పుడుకే మాట రాయాలి. జనవరి దాకా గడువు. అందుకే ఈ డైరీ కొన్నాను.

మా ఇంట్లో 'ఇనుడు' అనే పని ఉందని మేడమ్‌కు చెప్పాను. పొద్దు గూకగానే షెడ్డులో లైట్లన్నీ ఆర్పేస్తాం. చీకటి కాగానే పిల్లలు కిక్కురుమనవు. అప్పుడు మధ్యలో ఊపిరి బిగబట్టి నిలబడాలి. ఏదైనా పిల్లకు ఛాతీలో జబ్బు మొదలైతే దాని ఊపిరి గురగురమంటుంది. కంటికి కనపడటానికి రెండు మూడు రోజుల ముందే చెవికి తెలుస్తుంది. ఆ రెండు రోజుల్లో మందు పడితే బతుకుతాయి. నాయినకు చెవులు సరిగా వినపడవు. శామీర్‌పేట దగ్గర రాళ్ల క్రషర్‌లో పన్నెండేళ్లు పనిచేశాడు. అందుకే మా షెడ్డుకు నేనే చెవి.

"అంటే మీ ఇంట్లో వినడం ఒక ఉద్యోగం" అన్నారు మేడమ్. దారి పొడవునా ఆ మాటే తలుచుకున్నాను.

10 నవంబరు, ఆదివారం

సెలవు. రోజంతా షెడ్డులోనే. విన్నవి: చిటచిట (బుఖారీలో బొగ్గు), టపటప (నీళ్ల డబ్బా కారడం), గలగల (అవ్వ గాజులు), సరసర (ఊకలో బల్లి).

మాపటి ఇనుడులో, నిద్రపోయే ముందు పిల్లలు ఒకదాన్నొకటి తోసుకుని సర్దుకునే చప్పుడు విన్నాను. అలికిడి. నోటితో పలికినా చప్పుడు చేయని మాట ఇది.

నాయిన గుమ్మంలో నిలబడి ఎప్పటిలాగే అడిగాడు.

"ఇన్నవా?"

"ఇన్న."

"ఏమన్న ఉన్నదా?"

"ఏం లేదు నాయినా. మంచిగున్నయి."

11 నవంబరు, సోమవారం

క్లాసు నాలుగింటికి అయిపోతుంది. పొద్దు గూకేలోపు అత్వెల్లి చేరాలి. బోయిన్‌పల్లి దాటాక బండి ఎనభైకి తగ్గించలేదు. నలభై నిమిషాలు. హెల్మెట్ లోపల మాత్రం చెప్పలేని హోరు. సరే, ఒక మాట దొరికింది.

ఇనుడు: ఏం లేదు.

13 నవంబరు

హెల్మెట్ నా తలకు పెద్దది. సుచిత్ర చౌరస్తా దగ్గర రోడ్డు పక్కన తాడుకు వేలాడుతుంటే నాయిన కొన్నాడు. "పెరిగే తల" అన్నాడు. ఇరవై ఏళ్లకు తల ఇంకేం పెరుగుతుంది? గడ్డం కింద రెండు వేళ్లు దూరే సందు. పోయిన నెల బెంచీ మీద నుంచి పడి ముందున్న గ్లాసుకు ఎడమవైపు క్లిప్పు విరిగింది. రబ్బరు బ్యాండు కట్టాను. అరవై దాటితే ఆ సందులోంచి గాలి ఈల వేస్తుంది, ఎడమ చెవిలోకే. డెబ్బై దాటితే ఈల పోయి హోరు మిగులుతుంది. అందుకే డెబ్బై దాటిస్తాను.

ఇనుడు: ఏం లేదు.

14 నవంబరు

ఏం లేదు.

15 నవంబరు, శుక్రవారం

పడుకుంటే కీచురాళ్లు. తలగడ కిందే ఉన్నట్టు ఒకటే కీచు. మాటల పట్టికలో పన్నెండోది: కీచుకీచు. అమ్మతో అంటే, "ఈ సలికి కీచురాళ్లెక్కడియిరా? నాకేం ఇనవడుతలేవు" అంది.

అమ్మకు పనిలో పడితే ఏదీ వినపడదు.

19 నవంబరు, మంగళవారం

పొద్దున బండి పంక్చర్. మేడ్చల్ దాకా నడిచి బస్సెక్కాను. సాయంత్రం కూడా బస్సే. ఇల్లు చేరేసరికి చీకటి పడింది. నాయిన విసుక్కున్నాడు. "జల్దీ రాకపోతే ఇనుడెవ్వలు జేస్తరు?"

లైట్లు ఆర్పి నిలబడ్డాను. ఒక పిల్ల తుమ్మింది, ఒకే ఒక్కసారి. దగ్గర్లో ఊక దుమ్ము లేచి ఉంది, అదే కారణం. గోనెపట్టా పరదా రేకుకు తగిలి టకటకమంది. ఎక్కడో వైరులో జుయ్‌మనే సన్నటి మోత. ఒక్క పూటలో మూడు మాటలు. బస్సు ఆలస్యం చేసినా మనసు నెమ్మదిగా ఉంది.

20 నవంబరు

బండి బాగైంది. ముప్పై ఎనిమిది నిమిషాలు.

ఏం లేదు.

22 నవంబరు, శుక్రవారం

హోరు భరించలేక కొంపల్లి దాటాక హెల్మెట్ తీసి హ్యాండిల్‌కు తగిలించాను. ఇంకా ఎక్కువైంది. చెవుల్లో ఎవరో గోనెసంచి దులుపుతున్నట్టు. కండ్లకోయ దగ్గర లారీ టైరు కింద నుంచి కంకర రాయి లేచి కనుబొమ్మ పక్కగా పోయింది. బండి ఆపి మళ్లీ పెట్టుకున్నాను. ఈ సంగతి ఇంట్లో చెప్పను.

25 నవంబరు, సోమవారం

అడిగితే అవ్వ దూది ఇచ్చింది. చెవుల్లో కుక్కుకున్నాను. కొంచెం నయమే అనుకుంటా. నయమే.

ఇవాళ్టి మాటలు: ఝంకారం, ఘీంకారం. రెండూ నిఘంటువులోవి. మేడమ్ అడిగితే విన్నానని చెబుతాను. ఎక్కడో అక్కడ వినే ఉంటాను.

1 డిసెంబరు, ఆదివారం

పిల్లలకు ఇరవై అయిదు రోజులు. చేతిలో పట్టనంత అయ్యాయి. మాపటి ఇనుడు హాయిగా జరిగింది. రెండు వేల ఊపిరులు ఒకటిగా, మెత్తగా. దీనికి మాట లేదు. ఉండాలి.

ఏం లేదు.

3 డిసెంబరు, మంగళవారం

మంచు ఎక్కువైందని నాయిన రెండు పూటల నుంచి పరదాలు పూర్తిగా దించుతున్నాడు. షెడ్డులో గాలి బరువుగా ఉంది.

ఇనుడు అయ్యాక బయటికి వస్తుంటే, అవ్వ మంచం మీద కూర్చుని షెడ్డు వైపే చూస్తోంది. షెడ్డు గోడ పక్కనే ఆమె మంచం.

"ప్రణయ్, కోళ్లు గుర్రుమంటున్నయి బిడ్డా."

"లేదవ్వా. ఇప్పుడే ఇన్న."

"అటు మూలకు. జాలీ కాడ."

మళ్లీ వెళ్లాను. గోడకున్న ఇనుప జాలీ దగ్గర చాలాసేపు నిలబడ్డాను. ఏం లేదు.

4 డిసెంబరు, బుధవారం

ఇవాళ కూడా అదే మాట, నాయిన ఎదుట.

"ఇయ్యాల ఇంకా ఎక్కువైంది. పొల్లగానికి ఎట్ల ఇనవడుతలేదో."

నాకు కోపం వచ్చింది. "అవ్వా, నీకు డెబ్బై ఏండ్లు. నీ గురక నీకే ఇనవడుతుండొచ్చు" అన్నాను.

అవ్వ దుప్పటి ముఖం మీదికి లాక్కుంది.

నాయిన నా వైపు చూశాడు. "సక్కగ ఇన్నవా?"

"ఇన్న నాయినా. సదువుకుంటున్న. నాకు తెల్వదా?"

చదువుకూ దీనికీ సంబంధం ఏమిటో నాకూ తెలియదు. నాయిన తల ఊపి లోపలికి వెళ్లాడు.

5 డిసెంబరు, గురువారం

పొద్దున ఆరు చచ్చి ఉన్నాయి. చలి.

6 డిసెంబరు, శుక్రవారం

నలభై ఒకటి.

కాలేజీ నుంచి వచ్చేసరికి శామీర్‌పేట నుంచి పశువుల డాక్టరు జనార్ధన్ వచ్చి ఉన్నాడు. నాయిన పిలిపించాడట. హెల్మెట్ తీసి నేరుగా షెడ్డులోకి వెళ్లాను. డాక్టరే లైట్లు ఆర్పమన్నాడు. ముగ్గురం చీకట్లో నిలబడ్డాం.

ఒక్క నిమిషం కూడా కాలేదు. "బాలనర్సయ్యా, షెడ్డంత గుర్రుమంటాంది గదా" అన్నాడు డాక్టరు నాయినతో.

నా చెవుల్లో కీచురాళ్లు ఉన్నాయి. ఇంకేమీ లేదు.

"నువ్వేనా రోజు ఇనేది? ఇనవడుతుందా?"

"ఇనవడుతుంది డాక్టర్ సాబ్. ఇయ్యాలనే మొదలైనట్టుంది."

"ఇయ్యాలటిది గాదు తమ్మీ. మూడు నాలుగు రోజులది."

నాయిన ఈ మాటలు విన్నాడో లేదో తెలియదు. లైటు వేశాక నా ముఖంలోకి చూశాడు. కంటితో మాటలు పట్టడం ఆయనకు అలవాటు.

డాక్టరు నీళ్లలో కలిపే మందు రాసిచ్చి, పరదాలు పైనుంచి జానెడు తెరిచి ఉంచమని చెప్పి వెళ్లాడు. ఆయన లెక్క తప్పి ఉండొచ్చు. డాక్టర్లు కూడా తప్పుతారు.

7 డిసెంబరు, శనివారం

నూట ఎనభై.

కాలేజీకి వెళ్లలేదు. నాయిన గుంత తవ్వాడు. నేను సంచుల్లో మోశాను, అమ్మ సున్నం చల్లింది. అవ్వ మాత్రం బతికిన వాటికి నీళ్లు పోస్తూ, "తాగుండ్రి, తాగుండ్రి" అంటూ తిరిగింది. నా వైపు చూడలేదు.

8 డిసెంబరు, ఆదివారం

విన్నాను.

నిన్నా ఇవాళా బండెక్కలేదు. మాపటికి లైట్లు ఆర్పి ఇంకా గుమ్మంలోనే ఉన్నాను. షెడ్డు మొత్తం నీళ్లు పోసిన హుక్కాలా గురగురమంటోంది. ఇంత పెద్ద చప్పుడా? పక్క గోడ దాకా కాదు, రోడ్డు దాకా వినిపించేలా ఉంది. మొన్న డాక్టరు పక్కన నిలబడినప్పుడు ఇదే మోగుతోంది. బుధవారం అవ్వను ఆ మాట అన్నప్పుడూ ఇదే.

గదిలోకి వచ్చి ఈ డైరీ మొదటి నుంచి చదివాను. నా రాతే నన్ను పట్టించింది. చిటచిట, గలగల, సరసర, అలికిడి: ఆదివారం. తుమ్ము, జుయ్‌మనే వైరు: బస్సులో వచ్చిన మంగళవారం. రెండు వేల ఊపిరులు: ఆదివారం. బండి మీద వచ్చిన రోజుల్లో ఏముంది? ఏం లేదు. ఏం లేదు. ఏం లేదు. ఆ రోజుల్లో రాసిన మాటలన్నీ హెల్మెట్ హోరు, కీచురాళ్లు, నిఘంటువు.

ఆ కీచురాళ్లు బయట లేవు.

ఇనుడుకు ఆలస్యం కాకూడదనే ఎనభైలో వచ్చాను.

నాయినకు చెప్పాలి. ఇవాళ కాదు. ఇవాళ నూట పది.

9 డిసెంబరు, సోమవారం

బస్సులో వెళ్లాను. దూలపల్లిలో దిగి ధర్మేందర్‌ను కలిశాను. ఇంటర్‌లో నా బెంచీ. ఇప్పుడు రేకుల్ని అచ్చుల్లో కొట్టే ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాడు. లోపల మిషన్ పడ్డప్పుడల్లా నేల అదురుతుంది. వాడి చెవుల్లో పసుపుపచ్చ స్పాంజి ముక్కలు. బయటికి వచ్చాక సంగతంతా చెప్పాను. వాడు నవ్వలేదు.

"దూది పెట్టుకున్నవా? దూదితోని ఏం గాదుర. గాలి సొచ్చే దాంట్ల నుంచి సప్పుడు గూడ సొస్తది." జేబులోంచి కొత్త జత తీశాడు. "సూడు. వేళ్లతోని సన్నగ నలపాలె, అగ్గిపుల్ల లెక్క. రెండో చెయ్యి తల ఎనక నుంచి తెచ్చి చెవి పైకి గుంజి పట్టు. లోపలికి తోసి, ముప్పై లెక్కవెట్టేదాక వేలు తియ్యకు. అది లోపల ఉబ్బుతది."

"మరి హారన్ ఇనవడదా? లారీలు ఉంటయి."

"ఇనవడతది. ఇంకా సాఫ్ ఇనవడతది. హోరు తగ్గుతది గదా. గంత పెద్ద మిషన్ పక్కన మా సూపర్‌వైజర్ తిట్లు అన్నీ ఇనవడుతున్నయి, పరేషాన్ గాకు."

వెళ్లేటప్పుడు వెనక్కి పిలిచాడు. "హెల్మెట్ తియ్యకు మల్ల. చెవు బాగుండి తల పగిలితే ఏం జేసుకుంటవ్?"

ఇంకో మాట కూడా అన్నాడు. "ఫ్యాక్టరీల చేరిన కొత్తల నేను గూడ పెట్టుకోలే. సిగ్గు, శరం అనిపించింది."

10 డిసెంబరు, మంగళవారం

చెప్పాను.

నాయిన నీళ్ల డబ్బాలు కడుగుతున్నాడు. ఎదురుగా కూర్చున్నాను, నా పెదవులు కనపడేలా.

"నాయినా, ఆ నాలుగు రోజులు నాకు ఇనవడలే. బండి మీద వచ్చినంక చెవులు పనిజేస్తలేవు. అయినా ఇన్న అని చెప్పిన. డాక్టర్ ముంగట గూడ అబద్ధమాడిన."

ఆయన డబ్బా కడగడం ఆపలేదు. అది కడిగి, ఇంకొకటి కడిగి, బోర్లించాడు.

"మంగళవారమే చెప్తే మందు పడుతుండె" అన్నాడు.

"అవును."

"సచ్చినయి వాపస్ రావు."

నేను లేవబోయాను. కూర్చోమన్నట్టు తడి చేయి నా మోకాలి మీద పెట్టాడు.

"క్రషర్ల నేను గిట్లనే జేసిన. ఎనక నుంచి మేస్త్రి ఏందో అంటుండె. ఇనవడకున్నా 'ఆ' అంటుంటి. చెవిటోడని పనిల నుంచి తీస్తరని. ఆ అన్నకొద్ది ఇంకా పోయినయి. నీ అంత ఉన్నప్పుడు నాకు గూడ చెవుల కీచుమంటుండె. ఎవ్వలకు చెప్పలే. మీ అమ్మకు గూడ."

ఇరవై ఏళ్లలో నాయిన ఈ సంగతి ఎవరితోనూ అనగా వినలేదు.

"ఇనవడకపోతే ఇనవడలేదను. గంతే. నీకు ఇనవడలేదని తెలిస్తే నేను ఇంకోల్లను నిలవెడ్త. ఇన్న అంటే నేనేం జెయ్యాలె?"

అవ్వ దగ్గరికి వెళ్లి కాళ్ల దగ్గర కూర్చున్నాను. ఆమే మొదలుపెట్టింది.

"డెబ్బై ఏండ్లు గాదు, డెబ్బై రెండు. నా గురక నాకు తెలుసు తియ్యి. అది ఎడ్లబండి సప్పుడు. కోళ్లది వేరే."

13 డిసెంబరు, శుక్రవారం

చావులు ఆగాయి. ఇవాళ ఒక్కటీ లేదు. మొత్తం ఆరువందల పన్నెండు పోయాయి.

నాయిన నన్ను పట్నంలో చెవుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు. అద్దాల గదిలో కూర్చోబెట్టి చెవులకు పెద్ద డబ్బాలు తగిలించారు. చప్పుడు వినిపించినప్పుడల్లా మీట నొక్కాలి. కుడి చెవి బాగానే సాగింది. ఎడమ చెవికి వచ్చేసరికి చప్పుళ్ల మధ్య ఎడం పెరిగింది. అద్దం అవతల ఆవిడ చేయి కదులుతోంది. అంటే చప్పుడు వస్తోంది. చేయి చూసి నొక్కేయొచ్చు. వేలు మీట మీద ఉంది. కళ్లు మూసుకున్నాను. వినిపించిన వాటికే నొక్కాను. చాలాసేపు నొక్కలేదు.

డాక్టరమ్మ కాగితం మీద గీత చూపించారు. ఎడమ గీత చివర్లో గుంతలోకి దిగింది.

"సన్నటి చప్పుళ్లు అందడం లేదు. పెద్ద మోత విన్నాక చెవి మొద్దుబారుతుంది, విశ్రాంతి ఇస్తే తేరుకుంటుంది. తేరుకోకముందే మళ్లీ మళ్లీ అదే మోత పడితే కొంత తిరిగి రాదు. నీకు కొంత వస్తుంది. ఎంత అన్నది నేను చెప్పలేను. ఉన్నదాన్ని కాపాడుకో."

నాయిన అడిగాడు. "నాది గూడ సూస్తరా అమ్మా?"

ఆయన ఆ గదిలో కూర్చుని మీట చేతిలో పట్టుకుని ఎదురుచూశాడు. అద్దం ఇవతల నుంచి చూశాను. చాలాసేపు ఎదురుచూశాడు.

16 డిసెంబరు, సోమవారం

కొత్త హెల్మెట్. దుకాణంలో అయిదు పెట్టి చూశాను. బుగ్గలు నొక్కుకునేంత బిగుతుగా ఉన్నదాన్ని తీసుకున్నాను. తల అటూ ఇటూ ఊపినా కదలదు. గ్లాసు రెండు వైపులా టక్కుమని పడుతుంది. గడ్డం కింద సందులో అవ్వ చీర ముక్క చుట్టుకున్నాను, గాలి అక్కడి నుంచే ఎక్కువగా దూరుతుంది. చెవుల్లో ధర్మేందర్ ఇచ్చినవి. మొదటిసారి కుడిది సరిగా పడలేదు, తీసి మళ్లీ పెట్టాను. యాభై అయిదు దాటలేదు. లారీ హారన్ వినిపించింది, నా బండి చైను చప్పుడు కూడా. అది వదులైంది. ఎన్నాళ్ల నుంచి వదులుగా ఉందో.

ఇల్లు చేరేసరికి గంట దాటింది. చీకటి పడింది. నాయిన విసుక్కోలేదు.

"రేపటి నుంచి ఇనుడు పొద్దుగాల. నువ్వు బండెక్కకముందు. అవ్వ గూడ నిలవడతది" అన్నాడు.

9 జనవరి 2003, గురువారం

కొత్త పిల్లలు వచ్చాయి. రెండు వేలు.

మేడమ్‌కు పట్టిక ఇచ్చాను. వందకు అరవై మూడు. మిగిలినవి కొట్టేశాను. ఎందుకని అడిగారు. "అవి వినలేదు మేడమ్" అన్నాను. కొట్టేసిన మాటల మీద వేలు పెట్టి ఒక్కొక్కటీ చదువుకున్నారు. మార్కులు ఎన్ని వేశారో చూడలేదు.

4 ఫిబ్రవరి, మంగళవారం

పిల్లలకు ఇరవై ఏడు రోజులు. మంచు. పొద్దున అయిదున్నరకు లైట్లు ఆర్పాం. అవ్వ ఒక మూల, నేను మధ్యలో, నాయిన గుమ్మంలో.

పడుకునే ముందు కీచురాయి ఇంకా వస్తోంది. ఇప్పుడు ఒక్కటే, దూరంగా. పొద్దున అది ఉండదు. ఊపిరి బిగబట్టాను. మెత్తటి నిశ్శబ్దం. తల కొంచెం ఎడమకు తిప్పేసరికి కుడి చెవికి ఏదో తగిలింది. గుర్రు. ఆగింది. మళ్లీ గుర్రు. ఎడమ చెవిని అటు తిప్పాను. ఏమీ లేదు. మళ్లీ కుడి చెవి. ఉంది.

అవ్వ వైపు చూశాను. చీకట్లో ఆమె కదల్లేదు. ఆమె ముందే విన్నదని తర్వాత తెలిసింది. నేను చెప్పేదాకా ఆగింది.

"నాయినా, ఒకటి ఉన్నది. జాలీ కాడ, మూడో నీళ్ల డబ్బా అవతల."

నాయినకు అందేలా గట్టిగానే అన్నాను. టార్చి వెలిగింది. మూడో డబ్బా అవతల ఒక కోడి మెడ సాచి, నోరు తెరిచి ఉంది. నాయిన దాన్ని రెండు చేతులతో ఎత్తి, ఛాతీ తన చెంపకు ఆనించుకున్నాడు. ఆయనకు వినపడదు. ఆ అదురు చర్మానికి తెలుస్తుందట.

దాన్ని వేరే బుట్టలో పెట్టాడు. డాక్టరును పిలిపించడానికి బయటికి నడుస్తూ నా దగ్గర ఆగాడు. ఇన్నవా అని అడగలేదు.

"ఎడమ చెవుకు?"

"ఇనవడలే నాయినా."

"సరే" అన్నాడు. టార్చి నా చేతికిచ్చి వెళ్లాడు.